స్టాండప్పా, వారపు రివ్యూనా, రాతలో అప్‌డేటా? మీ టీంకి సరిపడే మీటింగ్ ఏది

మీటింగ్‌లతో విసిగిపోయిన టీంలు సాధారణంగా రెండు పనులు చేస్తాయి. గంట మీటింగ్‌ను అరగంటకు కుదిస్తాయి, లేదంటే అజెండా లేకుండా పిలవకూడదని రూలు పెడతాయి. మూడు వారాలు తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకంటే చాలాసార్లు లోపం నడిపే తీరులో ఉండదు, ఎంచుకున్న రకంలో ఉంటుంది. ఏదో ఒకటి తేల్చాల్సిన చోట స్టేటస్ చదివించుకుంటారు. స్టేటస్ తెలిస్తే చాలనుకున్న చోట ఎనిమిది మందిని గంటసేపు కూర్చోబెడతారు.

ఇక్కడ పోలుస్తున్నవి ఐదు: రోజూ పదిహేను నిమిషాలు నిలబడే మాట్లాడుకునే స్టాండప్, వారానికోసారి అంకెలు చూసుకునే రివ్యూ, మీటింగే లేకుండా రాతలో అప్‌డేట్, నోట్ చదివి అక్కడికక్కడే తేల్చే నిర్ణయ మీటింగ్, మేనేజరూ ఉద్యోగీ ఇద్దరే కూర్చునే వన్ ఆన్ వన్. దేని పని దానిదే. కానీ ఐదూ ఒకేసారి పెట్టుకున్న టీంకి అసలు పని చేసుకోవడానికి టైం మిగలదు. అందుకే ఎంచుకోక తప్పదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

మీటింగ్ అయ్యాక ఏం మారి ఉండాలి? దీన్ని ఒక్క వాక్యంలో రాయండి. "అందరికీ తెలియాలి" అని వస్తే రాతలో అప్‌డేట్ చాలు. "ఎవరి పని ఎక్కడ ఆగిందో ఈరోజే బయటపడాలి" అయితే స్టాండప్. "అంకెలు ఎందుకు తప్పాయో తెలియాలి" అయితే రివ్యూ. "ఈ రెండిట్లో ఒకటి ఖాయం కావాలి" అయితే నిర్ణయ మీటింగ్. "ఈ మనిషి ఏం ఇబ్బంది పడుతున్నాడో అర్థం కావాలి" అయితే వన్ ఆన్ వన్. వాక్యమే కుదరకపోతే ఇన్వైట్ పంపకండి.

ఎంతమంది? ఐదుగురు కూర్చుంటే ఒకరికొకరుగా మాట్లాడుకునే జతలు 10. ఎనిమిది మందికి 28. పన్నెండు మందికి 66. అందుకే పన్నెండు మందికి విషయం వినిపించగలం కానీ వాళ్లందరితో చర్చ నడపలేం. ఏదైనా తేల్చడానికి ఐదు నుంచి ఏడుగురు చాలు. మిగతావాళ్లకు తర్వాత నోట్ వెళ్తుంది.

ఎంత ఖర్చు? ఏడాదికి 12 లక్షల ప్యాకేజీ ఉన్న ఉద్యోగి సుమారు 240 రోజులు, రోజుకు ఎనిమిది గంటల లెక్కన 1,920 గంటలు పనిచేస్తాడు. అంటే గంటకు రూ. 625. అలాంటి ఎనిమిది మంది గంటసేపు కూర్చుంటే రూ. 5,000. వారం వారం జరిగితే ఏడాదికి దాదాపు రూ. 2.5 లక్షలు. ఇది ఎవర్నీ భయపెట్టడానికి చెప్పే లెక్క కాదు. కొత్త లాప్‌టాప్ కొనాలంటే మూడు సంతకాలు అడిగే ఆఫీసులో ఈ రెండున్నర లక్షలు ఒక్క క్లిక్‌తో క్యాలెండర్‌లోకి ఎక్కిపోతాయి, అంతే.

గడియారం ఎవరిది? క్లయింటు అమెరికా తూర్పు తీరంలో ఉంటే మనకూ వాళ్లకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. పడమటి తీరమైతే పన్నెండున్నర, పదమూడున్నర. న్యూయార్క్ టైం పొద్దున పదికి ఖాయం చేసిన కాల్ మనకు వేసవిలో రాత్రి 7:30కి పడుతుంది, నవంబర్ మొదటి ఆదివారం దాటాక 8:30కి జరుగుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ వెనక్కి వస్తుంది. లండన్‌లో గడియారం మారేది మార్చి చివరి ఆదివారం. రెండు దేశాలవాళ్లూ ఉన్న కాల్ అయితే మార్చిలో రెండు మూడు వారాలు అందరి లెక్కా తప్పుతుంది.

ఎవరు నోరు విప్పగలరు? మన ఆఫీసుల్లో దీన్ని పట్టించుకోకుండా ఏ పద్ధతి తెచ్చినా పనిచేయదు. పెద్దాయన ముందుగా అభిప్రాయం చెప్పేస్తే ఆ తర్వాత వినిపించేది "ఓకే సార్" ఒక్కటే. ఆ ఓకేకి ఒప్పుకున్నారని కాదు, విన్నారని అర్థం. రాతలో చెప్పగలిగినవాళ్లు గదిలో చెప్పలేకపోవచ్చు. కొందరిది దానికి సరిగ్గా ఉల్టా.

రేపు ఎవరైనా అడిగితే కాగితం చూపాలా? ఆడిట్‌లు ఉండే ఫార్మా, బ్యాంకింగ్, నిర్మాణ పనుల్లో "అప్పుడు అనుకున్నాం" అంటే కుదరదు.

## ఒక్క చూపులో

గంటలు ఎనిమిది మంది టీంకి వేసినవి, అందరి టైమూ కలిపి.

| రకం | టీం గంటలు | దేనికి బాగుంటుంది | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|
| రోజూ స్టాండప్, 15 నిమిషాలు | వారానికి 10 | ఒకరి పని మీద ఒకరి పని ఆధారపడినప్పుడు | ఎవరి పని వాళ్లదే అయినప్పుడు |
| వారపు రివ్యూ, 60 నిమిషాలు | వారానికి 8, తయారీ అదనం | అంకెలతో నడిచే పని | టార్గెట్ తప్పిన అంకెను ఎరుపులో చూపిస్తే తిట్లు పడే చోట |
| రాతలో అప్‌డేట్ | వారానికి 2 గంటల 40 నిమిషాలు | టైం తేడాలు, పెద్ద టీంలు | చదివి జవాబిచ్చేవాళ్లు లేని చోట |
| నోట్‌తో నిర్ణయ మీటింగ్ | ఒక్కోదానికి సుమారు 8.5 | వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు | ముందే తేలిపోయిన విషయాలు |
| వన్ ఆన్ వన్, రెండు వారాలకు 30 నిమిషాలు | వారానికి 3.5 | మనిషికి సంబంధించిన మాటలు | స్టేటస్ అడగడానికి వాడితే |

మొదటి వరుస చూడండి. అన్నిటికన్నా చిన్న మీటింగ్ అనుకునేదే వారం మొత్తంలో ఎక్కువ గంటలు తింటోంది. రాతలో అప్‌డేట్ లెక్క ఇది: ఒక్కొక్కరూ రాయడానికి పది నిమిషాలు, మిగతా ఏడుగురివి చదవడానికి పది.

## రోజూ స్టాండప్

సాఫ్ట్‌వేర్ టీంలు ఎక్కువగా వాడే స్క్రమ్ అనే పని పద్ధతికి నియమావళి స్క్రమ్ గైడ్. అది దీనికి పెట్టిన హద్దు 15 నిమిషాలు. రోజూ ఒకే టైం, ఒకే చోటు. ఈ మీటింగ్ పనిచేసే డెవలపర్ల కోసం, మేనేజర్‌కి హాజరు వేయించుకోవడానికి కాదు. "నిన్న ఏం చేశావ్, ఈరోజు ఏం చేస్తావ్, అడ్డంకులేంటి" అనే మూడు ప్రశ్నల్ని 2020 ఎడిషన్‌లో గైడే తీసేసింది. అయినా చాలా టీంలు వాటినే స్తోత్రంలా వల్లిస్తున్నాయి.

ఆ మూడు ప్రశ్నలతో చిక్కేంటంటే ప్రతి ఒక్కరూ లీడ్ మొహం చూసి తాను ఖాళీగా లేనని నిరూపించుకుంటారు. ఆగిపోయిన పని మాత్రం బయటికి రాదు. దీనికి మందు మనుషుల వరుస వదిలేసి బోర్డు (ఏ పని ఏ దశలో ఉందో ఎడమ నుంచి కుడికి చూపేది) వరుస పట్టుకోవడం. బోర్డును కుడి నుంచి ఎడమకు చదవండి. పూర్తికావడానికి దగ్గరగా ఉన్న టికెట్ (బోర్డు మీద ఒక్కో పనికి ఉండే చీటీ) ముందు. "నువ్వేం చేశావ్" అనకుండా "ఇది మొన్నటి నుంచీ ఇక్కడే ఎందుకుంది" అని అడగండి. ప్రశ్న పని మీద పడుతుంది కాబట్టి జవాబు కూడా పని గురించే వస్తుంది. కదులుతున్న టికెట్ల గురించి మాట్లాడనక్కర్లేదు.

అడ్డంకి బయటపడ్డాక మూడు విషయాలే చెప్పుకోవాలి: ఏంటది, ఎవరు తీస్తారు, ఎప్పటిలోగా. పరిష్కారం అక్కడే వెతకడం మొదలుపెట్టారంటే ఇద్దరు మాట్లాడుతుంటారు, ఆరుగురు ఫోన్లు చూస్తుంటారు. పదహారో నిమిషంలో ఆ ఇద్దరూ ఉండిపోవాలి, మిగతావాళ్లు వెళ్లిపోవాలి. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ మొదట్నుంచి చెప్పకండి. ఒకసారి చెప్పారా, రేపు ఇంకో ఇద్దరు ఆలస్యంగా వస్తారు.

టైం విషయం. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో పొద్దున తొమ్మిదిన్నరకు స్టాండప్ పెడితే సగం మంది ఫ్లైఓవర్ మీదినుంచే మ్యూట్‌లో హాజరవుతారు. పదకొండుకు పెడితే తొమ్మిదికే వచ్చినవాళ్ల ఉదయం రెండు ముక్కలవుతుంది. మధ్యాహ్నం పన్నెండుంబావు మంచి టైం. ఆకలి వేస్తుంటుంది, ఎవరూ సాగదీయరు.

అమెరికా క్లయింటుతో రాత్రి ఏడున్నరకు జరిగేదాన్ని స్టాండప్ అని పిలిచినా అది నిజానికి హ్యాండోవర్. మన రోజు అయిపోయింది, వాళ్లది మొదలవుతోంది. అక్కడ చెప్పాల్సింది "ఈరోజు నేను చేసింది" కాదు, "మీరు నిద్ర లేచేసరికి ఏ స్థితిలో ఉంది, మేము లేచేలోపు మీ నుంచి ఏం కావాలి" అన్నది. వారానికి ఐదు రాత్రులు అక్కర్లేదు. రోజూ మూడు లైన్లు రాసి పంపుతూ మంగళ, గురువారాల్లో మాత్రం కాల్‌లోకి వస్తామంటే చాలామంది క్లయింట్లు ఒప్పుకుంటారు, మూడు లైన్లు ఒక్కరోజు కూడా తప్పకుండా వెళ్తే.

### ప్లాంట్‌లో అయితే

ఆరు, రెండు, పది గంటలకు షిఫ్టులు మారే ఫ్యాక్టరీలో స్టాండప్ అంటే షిఫ్టు హ్యాండోవరే. దీన్ని ఆఫీసు గదిలో చేయకండి. ఇద్దరు సూపర్‌వైజర్లూ మెషీన్ పక్కన, బోర్డు ముందు నిలబడాలి. వరుస మార్చకూడదు: ముందు సేఫ్టీ, తర్వాత ఆగిన మెషీన్లు, తర్వాత క్వాలిటీ వాళ్లు హోల్డ్‌లో పెట్టిన సరుకు, టార్గెట్ అన్నిటికన్నా చివర. టార్గెట్‌తో మొదలుపెడితే మిగతా మూడింటికీ టైం ఉండదు.

ఇక్కడ ఎక్కువగా జారిపోయేవి "టెంపరరీగా" చేసినవి: బైపాస్ చేసిన సెన్సార్, రిపేరు కోసం విప్పిన వాల్వ్, మూసి ట్యాగ్ తగిలించని లైన్. అవుట్‌గోయింగ్ షిఫ్టువాళ్లకు అవి అలవాటైపోయి ఉంటాయి, చెప్పాలని తోచదు. 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద పేలుడు, మంటల్లో 167 మంది చనిపోయారు. సేఫ్టీ వాల్వ్ తీసి ఉన్న పంపును రాత్రి షిఫ్టువాళ్లు నడపబోయారని, ఆ సంగతి హ్యాండోవర్‌లో వాళ్లకు చేరలేదని విచారణలో తేలింది. కాబట్టి ఇక్కడ నోటిమాట ఒక్కటే చాలదు, రాత ఒక్కటే కూడా చాలదు. రిజిస్టర్‌లో రాయాలి, చదివి వినిపించాలి, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఇద్దరూ సంతకం పెట్టాలి. పది నిమిషాలు పడుతుంది. ప్లాంట్‌కు ఈ ఐదింట్లో ఎంపిక లేనిది ఇదొక్కటే.

## వారపు రివ్యూ

సేల్స్, సపోర్ట్, కలెక్షన్లు, ప్రొడక్షన్ లాంటి అంకెల పనికి ఇది బాగా సరిపోతుంది. పది అంకెలకు మించని ఒకే షీట్ ఉండాలి, మీటింగ్ ముందురోజు సాయంత్రం ఐదుకల్లా అది లాక్ అయిపోవాలి. మీటింగ్‌లో అంకె మారిందంటే చర్చ "ఏది కరెక్ట్" అన్నదాని మీదికి పోతుంది, గంట అక్కడే గడిచిపోతుంది.

గంటను ఇలా పంచుకోవచ్చు: పోయిన వారం ఒప్పుకున్న పనులకు పది నిమిషాలు, ఎరుపులో ఉన్న అంకెలకు ముప్ఫై, వచ్చే వారం కనిపిస్తున్న గండాలకు పది, తేలినవి చదివి వినిపించడానికి పది. పచ్చగా ఉన్నవాటి జోలికి పోవద్దు. పొగడాల్సింది ఉంటే మెసేజ్ పెట్టండి.

రివ్యూ పాడయ్యే దారులు రెండు. మొదటిది పీపీటీ. నలుగురు లీడ్లు చెరో రెండు గంటలు స్లయిడ్లు చేస్తే ఎనిమిది గంటలు. అంటే మీటింగ్ ఎంత తింటోందో తయారీ కూడా అంతే తింటోంది, పైగా అది ఏ క్యాలెండర్‌లోనూ కనిపించదు. లాక్ చేసిన షీట్‌నే స్క్రీన్ మీద చూపిస్తే సరి. రెండోది పుచ్చకాయ రిపోర్టు: పైన పచ్చ, కోస్తే ఎరుపు. ఎరుపు చూపించినవాడికి అందరి ముందూ అక్షింతలు పడితే మరుసటి వారం నుంచి ఎరుపే కనిపించదు, నెలాఖరుకు ఒక్కసారిగా బద్దలవుతుంది. రంగు వేసే పని మనిషికి వదలకండి. టార్గెట్‌లో 90 శాతం దాటితే పచ్చ, 75 నుంచి 90 వరకు పసుపు, దిగువన ఎరుపు అని షీట్‌లోనే ఫార్ములా పెట్టండి. అంకెలు మీ పనికి తగ్గట్టు మార్చుకోవచ్చు, కానీ మీటింగ్ మొదలయ్యాక మార్చకూడదు.

సోమవారం పొద్దున రివ్యూ పెట్టడం చాలాచోట్ల ఆనవాయితీ. ఊరెళ్లినవాళ్లు ఆరోజే తిరిగొస్తారు, పండగ సెలవులు కూడా ఎక్కువగా అటే కలుస్తాయి. మంగళవారం మేలు.

ఏ రకానికైనా వర్తించే ఒక మాట ఇక్కడే చెప్పాలి. మన మీటింగ్‌లలో తేలినవాటిని గమనించండి: "ఫాలో అప్ చేద్దాం", "ఒకసారి చూద్దాం", "వెండర్‌తో మాట్లాడదాం". తెలుగులో ఈ "-దాం" చాలా మర్యాదైన క్రియ. అందరినీ కలుపుకుంటుంది, ఎవరి మీదా భారం వేయదు. మినిట్స్‌లో మాత్రం ఇది విషం. "చేద్దాం" అన్న పనికి కర్త మనందరం, అంటే ఎవరూ కాదు. మినిట్స్ రాసేవాళ్లకు ఒకే రూలు పెట్టండి: "-దాం"తో ముగిసే వాక్యం రాయకూడదు. "వెండర్‌తో మాట్లాడదాం" అన్నమాట "గురువారం నాలుగింటిలోగా పర్చేజ్ లీడ్ వెండర్ దగ్గర కొత్త రేటు రాతలో తీసుకుంటారు" అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. మొదటి రెండు వారాలు ఇబ్బందిగానే ఉంటుంది.

## రాతలో అప్‌డేట్

గంటల లెక్కలో ఇంతకన్నా చవక లేదు. టైం తేడాలున్న టీంలకూ, పదిహేను మంది దాటిన విభాగాలకూ, నలుగురిలో నోరు మెదపని నెమ్మదస్తులకూ ఇది వరం. ఫార్మాట్ మూడు లైన్లు మించనివ్వకండి:

- అయ్యింది: "రిటర్న్స్ స్క్రీన్ టెస్టింగ్‌కి ఇచ్చాను."
- ఆగింది: "పేమెంట్ గేట్‌వే టెస్ట్ కీలు రాలేదు, సోమవారం నుంచి."
- కావాల్సింది: "బ్యాంకు వాళ్లకు మేనేజర్ గారు ఈరోజు మెయిల్ పెట్టాలి."

ఈ పద్ధతి బతికేదీ చచ్చేదీ మూడో లైన్ దగ్గరే. అడిగినదానికి అదేరోజు జవాబు రావాలి, కాదనైనా సరే. రెండు వారాలు జవాబు రాకపోతే మూడో వారం నుంచి జనం పాత అప్‌డేట్‌నే కాపీ చేసి తేదీ మారుస్తారు. రెండు వరుస అప్‌డేట్లు పక్కపక్కన పెట్టి చూడండి. మాటలు ఒకేలా ఉంటే బద్ధకం రాసేవాళ్లది కాదు, చదవాల్సినవాళ్లది.

వాట్సాప్ గ్రూప్ దీనికి పనికిరాదు. అందరి చేతిలో ఉంది కదా అని మొదలుపెడతారు. శుభోదయాలూ పుట్టినరోజు కేకులూ మధ్యలో దూరి అప్‌డేట్ మునిగిపోతుంది, నెల తర్వాత వెతికితే దొరకదు, ఉద్యోగం మానేసినవాళ్ల ఫోన్లో క్లయింటు సమాచారం ఉండిపోతుంది. వారానికో థ్రెడ్ చొప్పున టీమ్స్‌లోనో స్లాక్‌లోనో, అవి లేకపోతే ఒకే షేర్డ్ డాక్యుమెంట్‌లోనో పెట్టుకోండి. వాయిస్ నోట్లు వద్దు. చెప్పేవాడికి ఒక నిమిషం, వినేవాళ్లకు తలా ఒక నిమిషం, వెతికేవాళ్లకు ఏమీ ఉండదు. భాష విషయంలో పట్టింపులు అక్కర్లేదు. టీంలో అందరూ తెలుగువాళ్లయితే తెలుగులోనో ఇంగ్లిష్ కలిపో రాయనివ్వండి. ఇంగ్లిష్ తప్పులు దిద్దే చోట ఎవరూ "ఆగింది" లైన్ నింపరు.

రాతలోనే నిర్ణయాలూ తీసుకోవచ్చా? చిన్నవి తీసుకోవచ్చు. దీనికి కంపెనీల చట్టం 2013లోనే ఒక చక్కని నమూనా ఉంది. సెక్షన్ 175 ప్రకారం తీర్మానం ముసాయిదాను, అవసరమైన కాగితాలతో సహా డైరెక్టర్లందరికీ పంపి, కూర్చోకుండానే మెజారిటీతో ఆమోదించవచ్చు. కానీ డైరెక్టర్లలో కనీసం మూడోవంతు మంది "దీన్ని మీటింగ్‌లోనే తేల్చాలి" అంటే మీటింగ్ పెట్టాల్సిందే. కొన్ని పెద్ద విషయాలకైతే ఈ దారే లేదు. మీ టీంకీ ఇదే రూలు పెట్టుకోవచ్చు: ప్రతిపాదన రాతలో, జవాబుకు రెండు పనిరోజులు, ఆరుగురిలో ఇద్దరు "కూర్చుందాం" అంటే కాల్.

## నోట్ చదివి తేల్చే మీటింగ్

2004లో అమెజాన్‌లో జెఫ్ బెజోస్ తన సీనియర్ టీం మీటింగ్‌లలో పవర్‌పాయింట్ వద్దన్నారు. దాని బదులు ఆరు పేజీలకు మించని వచనంలో నోట్. మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా దాన్ని చదువుతారు. అక్కడే ఎందుకు చదవాలి అంటే, ముందే చదివిరమ్మంటే జనం చదవరు, చదివినట్టు నటిస్తారు.

మామూలు టీంకి ఆరు పేజీలు అక్కర్లేదు. రెండు చాలు. చదవడానికి పది నిమిషాలు, చర్చకు ముప్ఫై, తేలింది రాయడానికి ఐదు. రాసేవాళ్లకు ఒక నాలుగు గంటలు పడుతుంది, ఆరుగురికి ముప్పావుగంట చొప్పున ఇంకో నాలుగున్నర. పట్టికలో 8.5 అలా వచ్చిందే.

నోట్ మొదటి లైన్‌లో ఏం తేల్చాలో ఒక్క వాక్యం, రెండో లైన్‌లో చివరి మాట ఎవరిదో. ఆ తర్వాత నేపథ్యం అరపేజీ, రెండు మూడు దారులు, ఒక్కోదానికీ డబ్బు, టైం, వెనక్కి రావాలంటే ఏమవుతుందో. "ఏమీ చేయకపోవడం" కూడా ఒక దారిగా ఉండాలి. చాలా నోట్‌లలో ఇదే ఉండదు, కొన్నిసార్లు ఇదే గెలుస్తుంది. చివర్లో రాసినవారి సిఫారసు, ఇంకా తెలియనివి.

చదవడం అవ్వగానే మాట్లాడటం మొదలుపెట్టొద్దు. ముందు అందరూ చీటీ మీద తమకు నచ్చిన దారి, ఒక్క కారణం రాయాలి. ఆ తర్వాత అందరికన్నా జూనియర్‌తో మొదలుపెట్టి పైకి రండి, నిర్ణయం తీసుకునేవారు ఆఖరున మాట్లాడాలి. చీటీ మీద రాసేశాక పెద్దాయన మొహం చూసి మాట మార్చడం కష్టం. ఈ చిన్న ఏర్పాటు మన దగ్గర చేసినంత మేలు ఏ ఫెసిలిటేషన్ ట్రెయినింగూ చేయదు.

దీన్ని పాడుచేసేవి: చివరి మాట ఎవరిదో వాళ్లే రాకపోవడం (వాయిదా వేయండి, మీటింగ్ జరపకండి), ముందే తేలిపోయినదాన్ని చర్చలా నడపడం (ఒకసారి దొరికిపోతే తర్వాత ఎవరూ నోట్ చదవరు), చిన్న విషయాలకు వాడటం. రెండు వారాల్లో పెద్ద ఖర్చు లేకుండా వెనక్కి తీసుకోగలిగినదైతే ఒక్కరే నిర్ణయించి నలుగురికీ చెప్తే సరిపోతుంది. మూడేళ్ల సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుకు నోట్ కావాలి, కాన్ఫరెన్స్ రూమ్ కుర్చీలకు అక్కర్లేదు. కుర్చీల మీద అందరికీ అభిప్రాయం ఉంటుంది కాబట్టి టైం ఎక్కువ పోయేది అక్కడే.

## వన్ ఆన్ వన్

రెండు వారాలకోసారి అరగంట. కొత్తగా చేరినవాళ్లకు మొదటి మూడు నెలలు వారానికోసారి. అజెండా ఉద్యోగిది. మొదటి పదిహేను నిమిషాలు మేనేజర్ తన విషయాలు ఎత్తకూడదు. "ఎలా ఉంది అంతా" అంటే "బానే ఉంది సార్" అని వస్తుంది. "ఈ రెండు వారాల్లో నీ పనికి అడ్డంపడినవాటిలో నేను తీయగలిగింది ఏంటి" అనండి. రద్దు చేయాల్సివస్తే అదే వారంలో ఇంకో టైం ఇవ్వండి. రెండుసార్లు వరుసగా రద్దయితే మూడోసారి ఎవరూ అడగరు, అప్రైజల్ రోజున రాజీనామా లెటర్ వస్తుంది. ఏడెనిమిది మంది దాటితే ఒక మేనేజర్ వల్ల కాదు.

## ఎవరికి ఏది

ఆరు నుంచి తొమ్మిది మంది సాఫ్ట్‌వేర్ టీం, అమెరికా క్లయింటు. పగలు బోర్డు స్టాండప్ వారానికి మూడు రోజులు, క్లయింటుకు రోజూ మూడు లైన్లు, రాత్రి కాల్ వారానికి రెండు. వారపు రివ్యూ వద్దు, ఒక్కో పని విడత చివర జరిగే స్ప్రింట్ రివ్యూ ఉంటుంది కదా.

ప్లాంట్. షిఫ్టు హ్యాండోవర్ తప్పనిసరి, విభాగాధిపతులకు వారపు రివ్యూ. ఫోన్లు లోపలికి అనుమతించని చోట రాతలో అప్‌డేట్ అంటే రిజిస్టరే.

నలుగురైదుగురి ఆఫీసు. ఉదాహరణకు నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంటు ఆఫీసు. జీఎస్‌టీఆర్-1కి 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. 6 నుంచి 11 వరకు, 15 నుంచి 20 వరకు రోజూ పది నిమిషాల స్టాండప్: ఏ క్లయింటు బిల్లులు రాలేదు, ఎవరు ఫోన్ చేస్తారు. మిగతా రోజుల్లో గోడ మీద బోర్డు చాలు. నెలంతా ఒకే రకం నడపాలని ఎవరూ చెప్పలేదు. పని వేడెక్కినప్పుడు మీటింగ్ పెరగాలి, చల్లబడ్డాక తగ్గాలి.

ఇరవై, ముప్ఫై మంది విభాగం. అందరినీ కూర్చోబెట్టే వారపు మీటింగ్ ఎత్తేయండి. రాతలో అప్‌డేట్, లీడ్లతో మాత్రం రివ్యూ. అందరూ కలిసేది నెలకోసారి, అదీ ప్రశ్నలు ముందుగా రాసి పంపే పద్ధతిలో.

సగం మంది ఇంట్లో, సగం మంది ఆఫీసులో. గదిలో ఒక్క మైకు పెట్టి మీటింగ్ నడిపితే ఇంట్లో ఉన్నవాళ్లకు కుర్చీల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆఫీసులో ఉన్నవాళ్లు కూడా తలో లాప్‌టాప్, తలో హెడ్‌సెట్‌తో చేరాలి. ఉచిత జూమ్ నలభై నిమిషాలకు, ఉచిత గూగుల్ మీట్ ఇద్దరు దాటితే అరవై నిమిషాలకు ఆగిపోతాయి. దీన్ని లోపమనుకుని లైసెన్స్ కొనేముందు ఆలోచించండి. నలభై నిమిషాల్లో తేలనిది ఎనభైలోనూ తేలకపోవచ్చు.

## మార్చేటప్పుడు

కొత్తది పెట్టే రోజే పాతది ఒకటి తీసేయండి. "కొన్నాళ్లు రెండూ నడుపుదాం" అన్నారంటే ఏడాదికి కూడా రెండూ నడుస్తుంటాయి. నాలుగు వారాలు మూడే లెక్కలు రాసుకోండి: ఎన్ని నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, ఒప్పుకున్న పనుల్లో తేదీలోగా అయినవెన్ని, ఒక్కమాటా మాట్లాడకుండా వెళ్లినవాళ్లెంతమంది. మూడోది వరుసగా సగం దాటితే వాళ్లను తిట్టడం కాదు, పిలవడం మానేయాలి.

గూగుల్ క్యాలెండర్ సెట్టింగుల్లో స్పీడీ మీటింగ్స్ ఆన్ చేస్తే అరగంటవి 25 నిమిషాలకు, గంటవి 50కి వాటంతటవే కుదురుతాయి. ఒక కాల్ నుంచి ఇంకో కాల్‌లోకి దూకే మధ్యలో మంచినీళ్లు తాగే వీలుంటుంది. రిపీట్ అయ్యే ప్రతి ఇన్వైట్‌కీ ముగింపు తేదీ పెట్టండి, మూడు నెలలకు మించకుండా. ఆ తేదీ వచ్చాక కావాలనుకున్నవాళ్లు మళ్లీ పంపుతారు. ఎవరూ పంపకపోతే పంపనట్టే వదిలేయండి.